గుర్రాలగుట్ట కోట చూడ్డానికి

గుర్రాలగుట్ట మీద ఉపాధి హామీ పని పూర్తయిన రోజు, పారలూ గడ్డపారలూ ట్రాలీలో వేసేశాక, సుశీల కొంగుతో ముఖం తుడుచుకుంటూ ఒక మాట అంది.

"చాందక్కా, మూడు ఎండకాలాలు గీ కోటల్నే ఉన్నం గదా. రేపు ఎవరన్న కోట ఎట్లుంటదని అడిగితే ఏం చెప్పాల్నో నాకు తెల్వదు."

మిగతా ఆడవాళ్లు నవ్వారు. నవ్వి, ఒక్కొక్కరే ఆగిపోయారు. ఆమె అన్నది నిజమే. వాళ్లు చూసింది సర్కారు తుమ్మ కంప, వేళ్లు, మన్ను, తేళ్లు. పొద్దున ఆరింటికి వంచిన తల పదకొండింటికి ఎత్తేవాళ్లు. అప్పటికి ఎండ కళ్లలో కొట్టేది. నీడ వెతుక్కోవడమే తప్ప గోడ ఎంత ఎత్తుందో నిలబడి చూసినవాళ్లు ఒక్కరూ లేరు.

చాందీ ఆ గుంపుకు మేటు. నలభై ఆరేళ్లది, లింగ్యా తండా మనిషి. పొద్దున్నే ఫోన్‌లో అందరి హాజరు తీసేది, ఎవరు ఎక్కడ తవ్వాలో చెప్పేది ఆమే. గుంపులో చాందీతో కలిపి ఎనిమిది మంది తండా ఆడవాళ్లు, సుశీలతో కలిపి ముగ్గురు గుట్ట కింద ఊరివాళ్లు. చాందీ చేతులకంటిన మన్ను దులుపుకుంది.

"ఐతే చూద్దం. వచ్చే ఐతారం పోదం. పార వద్దు, గంప వద్దు, కొడవలి గూడ వద్దు. మంచి చీరలు కట్టుకొని రాండ్రి. రొట్టెలు పట్టుకొని పోయి మీద కూసొని తిందం."

"ఉట్టిగనేనా? పనేం లేకుండనా?" అంది చాందీ కోడలు సుమన.

"ఉట్టిగనే. ఊళ్లోల్లు, పట్నపోల్లు ఎట్ల వస్తున్నరు? మనం గూడ గట్లనే."

కొడకండ్ల నుంచి తొర్రూరు పోయే దారికి లోపలగా ఉంటుంది గుర్రాలగుట్ట. కోట ఎవరు కట్టారో ఖాయంగా చెప్పగలిగినవాళ్లు లేరు. ఆరేడువందల ఏళ్లనాటిది, ఎవరో సామంతుడిది అంటారు. మూడు వరసల గోడలు, మూడు దర్వాజలు, పడమటి వైపు గుండ్రటి బురుజు. మూడేళ్ల కిందటి దాకా అదంతా కంపలో మునిగిపోయి ఉండేది. కింద నుంచి చూస్తే గుట్టే కనిపించేది గానీ కోట కనిపించేది కాదు.

ఆదివారం పదింటికల్లా పదకొండు మందీ గుట్ట కింద కలిశారు. మాఘమాసపు ఎండ ఇంకా చురుక్కుమనడం లేదు. సుమన తన పెళ్లినాటి చీర కట్టుకొచ్చింది. సుశీల చర్చిలో పొద్దుటి ఆరాధన ముగించుకుని అటునుంచటే తెల్లచీరలో వచ్చింది. చాందీ నెత్తిన రొట్టెల మూట, చంకలో కూర్చోవడానికి ఒక పెద్ద దుప్పటి.

కొత్తగా పెట్టిన ఇనుప గేటు దగ్గర వాచ్‌మన్ ప్రకాశ్ కూర్చుని ఉన్నాడు. ఉద్యోగంలో చేరి నెల కాలేదు. వీళ్లను చూసి లేచాడు.

"ఏందక్కా? పని అయిపాయె గదా. మల్ల ఏమన్న చెప్పిన్రా?"

"పనికి రాలే తమ్మీ. చూడనీకి వచ్చినం."

"చూడనీకా?" అతను వాళ్ల చీరల వైపు చూశాడు. "సరే పోండ్రి. ఎనక పనిబాట ఉన్నది గదా, గటు నుంచి పోండ్రి. గీ గేటు సైడుకు బస్సోల్లు వస్తున్నరు."

పనిబాట అంటే మన్ను మోయడానికి వాళ్లే వేసుకున్న కాలిదారి. చాందీ కదల్లేదు.

"తమ్మీ, మూడేండ్లు ఎనక బాట నుంచి ఎక్కినం, ఎనక బాట నుంచి దిగినం. ఇయ్యాల ముంగటి నుంచి పోతం. గేటు తియ్యి."

ఆమె గట్టిగా అనలేదు. అయినా ప్రకాశ్‌కు ఎందుకో సిగ్గేసింది. గొళ్లెం తీసి, ఒక రెక్క కాదు, రెండు రెక్కలూ తెరిచాడు.

మొదటి దర్వాజ దాటేదాకా ఎవరూ మాట్లాడలేదు. చేతుల్లో పారా గడ్డపారా లేకుండా ఆ మెట్లెక్కడం వాళ్లకు వింతగా ఉంది. చాందీకి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తోచలేదు. దారిలో ఒక ముళ్లకొమ్మ కనబడితే వంగబోయింది. వెనక నుంచి సుశీల అరిచింది.

"అక్కా! ఇయ్యాల సెలవు!"

అప్పుడు అందరూ గొల్లుమన్నారు. అక్కడి నుంచి మాటలు మొదలయ్యాయి. ఇక్కడే గదా నాగుబాము కుబుసం దొరికింది. ఇక్కడే గదా నీ వేలు తెగి కట్టుకట్టింది. గీ రాయి మీదనే గదా సుమన పెళ్లై వచ్చిన కొత్తల కూసొని ఏడ్చింది, చేతులు బొబ్బలెక్కినయని. సుమన ఆ రాయిని చూసి నవ్వి, అరచెయ్యి చాపి చూపించింది. ఇప్పుడా చెయ్యి మొద్దుబారి గట్టిగా ఉంది.

రెండో దర్వాజ దగ్గర చాందీ ఆగి తల పైకెత్తింది. అడ్డరాతి మీద రెండు గుర్రాలు ఎదురెదురుగా చెక్కి ఉన్నాయి. ముందరికాళ్లు గాల్లోకి లేపి, మెడలు వంచి. వాటి చుట్టూ రావిచెట్టు వేళ్లు అల్లుకుపోయి ఉండేవి. పని చెప్పడానికి వచ్చిన మనిషి గడ్డపారతో కొట్టేయమన్నాడు. చాందీ ఒప్పుకోలేదు. ఎనిమిది రోజులు నిచ్చెన మీద నిలబడి, వేళ్లను తడిపి తడిపి, చేత్తోనే పీచు పీచుగా లాగింది. కుడివైపు గుర్రం చెవి చిటికెనవేలంత ఉంటుంది. అది విరగలేదు. అప్పట్లో ఆమె ఆ చెవినీ, వేళ్లనూ చూసిందే గానీ గుర్రాలను చూడలేదు.

"ఎగురుతున్నట్టే ఉన్నయి గదనే," అంది తమ భాషలో, ఎవరితోనూ కాదన్నట్టు.

"యాడీ, చెవులు చూడు, నిక్కి ఉన్నయి," అంది సుమన. తండాలో తల్లిని పిలిచినట్టే అత్తనూ యాడీ అనే పిలుస్తుంది.

వాళ్లట్లా నిలబడి చూస్తుండగా కింద నుంచి ఇంకో గుంపు వచ్చింది. భూపాలపల్లిలో రోజూ పొద్దున కలిసి నడిచేవాళ్లట, కుటుంబాలతో, వీడియో తీసే అతనితో కలిపి ఇరవై రెండు మంది, బస్సు మాట్లాడుకుని వచ్చారు. ముందు నడుస్తున్న పెద్దాయన కృపాకర్, రిటైరైన హెడ్మాస్టరు. ఆయన భార్య మంజుల మోకాలి నొప్పితో కర్ర పట్టుకుని నెమ్మదిగా ఎక్కుతోంది. వీడియో తీయడానికి వేణు అనే అతణ్ణి వెంట తెచ్చుకున్నారు.

"ఏ ఊరమ్మా మీది? మీరు గూడ చూడనీకి వచ్చిన్రా?" అని అడిగాడు కృపాకర్.

"అవ్ సారూ," అంది చాందీ. అంతకన్నా ఏమీ చెప్పలేదు.

ఆ గుంపు ముందుకు నడిచి, బురుజుకు ఎదురుగా ఉన్న బయలులో ఆగింది. వేణు సంచీలోంచి డ్రోను తీసి కింద పెట్టాడు. అది చూసి చాందీ గబగబా దగ్గరికి వెళ్లింది.

పడమటి బురుజు చూరు కింద పెద్ద తేనెటీగల పట్లు ఏడు వేలాడుతున్నాయి, ఒక్కోటి చాటంత. రెండు ఎండాకాలాలు ఈ ఆడవాళ్లు వాటి కిందే పనిచేశారు. పొగ పెట్టి తోలేద్దామని ఎవరో అంటే, వాటి ఇల్లది, మన పని మనం చేసుకుందామని చాందీ అడ్డుపడింది. ఆ పక్కన పనిచేసే రోజుల్లో వాసన నూనె రాసుకునేవాళ్లు కాదు, గట్టిగా మాట్లాడుకునేవాళ్లు కాదు. బురుజు చుట్టూ ఇరవై అడుగుల కంప కొట్టకుండా వదిలేశారు. ఒక్కరినీ ఒక్క ఈగా కుట్టలేదు.

"అన్నా, గటు పంపకు. తేనెటీగలున్నయి. మస్తు కోపమొస్తది వాటికి."

"ఏం గాదమ్మా, పైపైనే పోతది. దగ్గరికి పోనియ్య," అన్నాడు వేణు. అప్పటికే డ్రోను గాల్లోకి లేచింది.

అది బురుజు పక్కన ఒక చుట్టు తిరిగింది. రెండో చుట్టులో గాలికి కొంచెం అటు ఒరిగింది. ముందు చప్పుడు మారింది. డ్రోను రొదలో ఇంకో రొద కలిసింది. చూరు కింద నల్లగా మెరుస్తున్న పట్టు ఒకటి ఒక్కసారిగా పలచబడి, కింది ఎండిన మైనం కనిపించింది. మరుక్షణం బయలంతా ఈగలు.

కేకలు మొదలయ్యాయి. వచ్చినవాళ్లు వచ్చిన దారినే మెట్ల వైపు పరుగెత్తబోయారు. ఆ మెట్లు అరిగిపోయి నున్నగా ఉంటాయి, వంద గజాలు నీడ లేదు, దాక్కోవడానికి సందు లేదు. అక్కడ పడితే తలలు పగులుతాయని చాందీకి తెలుసు.

"కిందికి ఉరకకుండ్రి!" ఆమె అరుపు రాళ్లకు తగిలి మోగింది. "మొఖాలు కప్పుకోండ్రి! నా ఎనక రాండ్రి! గీ గోడ ఎనక!"

ఆమె పరుగెత్తింది దర్వాజ పక్కన కూలిన గోడ వెనక్కి. బయటివాళ్లకు అక్కడ రాళ్లగుట్ట తప్ప ఏమీ కనిపించదు. కిందటి ఎండాకాలం సుమన గడ్డపార అక్కడే డొల్లగా మోగితే, నెల రోజులు తవ్వి తీశారు. మనిషి వంగితే గానీ పట్టని ద్వారం, పద్దెనిమిది మెట్లు, కింద కమానుల పైకప్పుతో పొడవాటి గది. ఎప్పటిదో ధాన్యపు కొట్టు. లోపల చల్లగా ఉంటుందని వాళ్లు దాన్ని చల్లనర్ర అనేవాళ్లు. దాని గురించి ఇంకా బోర్డు కూడా పెట్టలేదు.

సుశీల ద్వారం పక్కన నిలబడి, వచ్చినవాళ్లను వచ్చినట్టు మెడలు వంచి లోపలికి తోసింది. "తల జాగ్రత్త! ఎడమ పక్క మెట్టు విరిగి ఉన్నది, కుడి పక్క దిగుండ్రి!" తోస్తూనే పైకి లెక్కపెట్టింది. తండా ఆడవాళ్లు కొంగులు విప్పి పక్కవాళ్ల తలల మీద కప్పి తీసుకొచ్చారు. వేణు చేతిలో ఇంకా రిమోటు పట్టుకునే వచ్చాడు.

"ముప్పై ఒకటి," అంది సుశీల. "ఇంక ఇద్దరు!"

చాందీ వెనక్కి తిరిగి చూసింది. బయలు మధ్యలో మంజుల కింద పడి ఉంది. కృపాకర్ తన చొక్కా విప్పి ఆమె తల మీద కప్పి, లేపలేక ఆమె మీదికి వంగి కూర్చున్నాడు. ఆయన వీపు మీద ఈగలు ముసురుతున్నాయి.

చాందీ రొట్టెల మూట దింపి, చంకలోని దుప్పటి నెత్తిన వేసుకుని మళ్లీ బయటికి వెళ్లింది. సుమన ఆమె వెనకే కదిలింది. "నువ్వు రాకే!" అంది చాందీ. సుమన వినలేదు. ఇద్దరూ కలిసి దుప్పటి ఆ ముసలిదంపతుల మీద కప్పి, మంజులను చెరో భుజం పట్టి లేపారు. మూడేళ్లు మన్ను గంపలు మోసిన చేతులు. మంజుల కాళ్లు నేలకు ఆనకుండానే గోడ వెనక్కి చేరింది. అందరూ దిగాక దుప్పటిని ద్వారానికి అడ్డంగా బిగించి, అంచుల మీద రాళ్లు పేర్చారు.

లోపల చీకటి. ఎవరో ఫోన్ లైటు వేశారు.

"లైటు ఆపుండ్రి," అంది చాందీ. "ఎలుతురుంటే గవి లోపటికి వస్తయి. జర సేపు చీకట్ల కూసుందం. ఏం గాదు. గీ కప్పు గట్టిది, మేం చూసినం."

వెంట వచ్చిన ఈగలు కొన్ని కాసేపు రొదపెట్టి, ద్వారం సందులోని వెలుగు వైపు వెళ్లిపోయాయి. మూడో మెట్టు మీద నిలబడితే ఫోనుకు సిగ్నలు అందుతుందని పనిరోజుల్లోనే సుమన కనిపెట్టింది. అక్కడ నిలబడి ప్రకాశ్‌కు ఫోన్ చేసింది. ఎవర్నీ పైకి రానియ్యొద్దని, నూట ఎనిమిదికి చెప్పి అంబులెన్సు పిలవమని చెప్పింది.

చీకట్లో ఆడవాళ్లు వేళ్లతో తడిమి, గోటితో గీకి ఈగల ముళ్లు తీయసాగారు. "నొక్కకుండ్రి, నొక్కితే విసం లోపటికి పోతది. గిట్ల గీకుండ్రి." మంజులకు పన్నెండు చోట్ల కుట్టాయి. ఊపిరి బాగానే ఆడుతోంది. సుశీల ఆమె చెయ్యి పట్టుకుని మెల్లగా ప్రార్థన చేసింది. పక్కన తండా ముసలామె ఒకతె తమ దేవుడు సేవాభాయాకు మొక్కుకుంది.

కొంత కుదుటపడ్డాక కృపాకర్ గొంతు వినిపించింది.

"అమ్మా, ఇక్కడ గిసొంటి అర్ర ఉన్నదని మీకెట్ల తెలుసు?"

జవాబు సుశీల చెప్పింది. "మాకు తెల్వకపోతే ఎవరికి తెలుస్తది సారూ? దీంట్ల ఉన్న మన్ను గంప గంప మా నెత్తి మీదికెళ్లే బయటికి పోయింది."

"అంటే కోటను బయటికి తీసింది మీరేనా?"

"మేమే," అన్నారు ఇద్దరు ముగ్గురు ఒకేసారి.

"జర చెప్పుండ్రి తల్లీ. ఎట్ల తీసిన్రు?" అన్నాడాయన.

చాందీకి చెప్పడం అలవాటు లేదు. కోట చూడ్డానికి పెద్ద సార్లు వచ్చిన రోజున ఎవరో మైకులో చెప్పారు గానీ ఆమెను ఎవరూ అడగలేదు. మొదట తడబడింది. తెలుగులో మాట దొరక్క తమ భాషలో సుమనను అడిగింది. తరువాత అడగాల్సిన అవసరం రాలేదు. గోడ కనబడకుండా ఉన్న రోజుల గురించి చెప్పింది. గుర్రం చెవి గురించి చెప్పింది. ఈ గదిని తవ్వుతుంటే అడుగున నల్లగా మాడిన గింజలు దొరికాయని, పిడికిట్లో పట్టుకుంటే జొన్నలని వాసన చూడకుండానే తెలిసిందని, వాటిని గుడ్డలో కట్టి సార్లకు ఇచ్చామని చెప్పింది. కమాను రాళ్ల మధ్య సున్నం లేదు, ఒకదాని బరువు ఒకటి మోస్తోంది, కావాలంటే తడిమి చూడమంది. ముప్పై మూడు మందీ చీకట్లో చేతులు చాపి గోడను తడిమారు.

గంటంబావు తరువాత బయటి రొద తగ్గింది. చాందీ దుప్పటి అంచు తీసి చూసింది. ఈగలు మళ్లీ చూరు కిందికి చేరుకుంటున్నాయి. తూర్పు గోడ వెంబడి, బురుజుకు దూరంగా, ఐదుగురు ఐదుగురిని చొప్పున మాట లేకుండా దింపించింది. మంజులను సుమనా ఇంకో తండా అమ్మాయీ చేతుల మీద కూర్చోబెట్టుకుని మోశారు. కింద అంబులెన్సు సిద్ధంగా ఉంది. ఆమెనూ ఇంకో ఇద్దరినీ దవాఖానకు తీసుకెళ్లారు. సాయంత్రానికల్లా ముగ్గురూ కోలుకున్నారు.

వేణు చాందీ ముందుకొచ్చి చేతులు జోడించాడు. ముఖం ఒక పక్క ఉబ్బిపోయి కన్ను మూసుకుపోయింది.

"అక్కా, నీ మాట ఇనకపోతిని. తప్పయింది."

"ఇంకోసారి ఇను," అంది చాందీ. "నీ మిషిను కంపల పడ్డది. ఇయ్యాల అటు పోకు. రేపు పొద్దుగాల ఈగలు లేవకముందు మేమే తీసి ప్రకాశ్‌కు ఇస్తం."

కృపాకర్ ఆమె చేతులు రెండూ పట్టుకుని కళ్లకు అద్దుకున్నాడు. చాందీ "అయ్యో సారూ" అని వెనక్కి లాక్కుంది.

బస్సు వెళ్లిపోయింది. ఆడవాళ్ల చేతులూ మెడలూ దద్దుర్లు తేలి ఉన్నాయి. చాందీని తొమ్మిది చోట్ల కుట్టాయి, పై పెదవి వాచి మాట సరిగా రావడం లేదు.

"మీరు గూడ దవాఖానకు పోండ్రి, అక్కా. నేను ఆటో పిలుస్త," అన్నాడు ప్రకాశ్.

"అందరం బాగనే ఉన్నం. ఎవరికన్న కండ్లు తిరిగితే చెప్తం." చాందీ వెనక్కి తిరిగి మెట్ల వైపు చూసింది. "మేం ఇంక మీది దాక పోనే లేదు."

ప్రకాశ్ వాళ్ల కోసం నీళ్ల డబ్బా ఎత్తుకుని తనే వెంట నడిచాడు.

తూర్పు గోడ పక్క నుంచి ఎక్కి, మూడో దర్వాజ దాటి, రెండింటి వేళకు గుట్ట నెత్తి మీదికి చేరారు. అక్కడ నిలబడి కిందికి చూసినప్పుడు కోట మొత్తం కనిపించింది. మూడు గోడలు, ఒకదాని లోపల ఒకటి, గుట్ట వంపు ఎట్లా తిరిగితే అట్లా తిరిగి, మళ్లీ వచ్చి కలుసుకుంటున్నాయి. బురుజు చుట్టూ తప్ప ఎక్కడా కంప లేదు. ప్రతి రాయీ వేరువేరుగా ఎండలో నిలబడి ఉంది. గోడకు అవతల యాసంగి పొలాల పచ్చదనం, కల్లాల్లో ఆరబోసిన మిర్చి ఎరుపు, ఆ చివర లింగ్యా తండా రేకుల కప్పులు.

సుశీల ఏడుస్తోందని చూస్తే తెలిసింది, కుట్టిన నొప్పికి కాదని కూడా తెలిసింది.

"ఎంత పెద్దగున్నదే," అంది చివరికి. "గింతనా మనం తీసింది!"

"గింత," అంది చాందీ, వాచిన పెదవితో.

రాళ్ల మీదే కూర్చుని జొన్నరొట్టెలు, పచ్చిమిర్చి తొక్కు తిన్నారు. ప్రకాశ్‌కూ రెండు పెట్టారు. ఎండ వాలేదాకా గోడ మీదికెక్కి, బురుజుకు దూరంగా నాలుగు దిక్కులా తిరిగి చూశారు. చూడనిది ఏదీ మిగల్లేదు.

ఆ సాయంత్రం చాందీ ముఖం చూసి తండా అంతా వాకిట్లో పోగైంది. భర్త మాన్‌సింగ్ కంగారుగా సున్నం తెచ్చి చేతులకు రాస్తూ, ఏమైంది, ఎట్లయింది అని అడుగుతూనే ఉన్నాడు. చాందీ మంచం మీద సర్దుకుని కూర్చుంది. తేనెటీగల సంగతి వెంటనే ఎత్తలేదు. ముందు గేటు గురించి చెప్పింది. తరువాత మెట్ల గురించి, గాల్లోకి లేచిన రెండు గుర్రాల గురించి, నెత్తి మీద నుంచి చూస్తే మూడు గోడలూ ఎట్లా తిరిగి వస్తాయో వేలితో నేల మీద గీసి చూపించింది. ఈగల దగ్గరికి వచ్చేసరికి చీకటి పడింది. అప్పటికి మాన్‌సింగ్ సున్నం రాయడం మరిచిపోయి, నేల మీది గీత వైపే చూస్తున్నాడు.

"వచ్చే ఐతారం నన్ను గూడ తోల్కపో," అన్నాడు.

"పొద్దుగాలనే తయారు గావాలె," అంది చాందీ.